భయమున్న చెయ్యి

మా ఆపా పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను హుజూరాబాద్‌లోని మా కంటి పరీక్షా కేంద్రంలో ఒక పెద్దాయనకు చుక్కల మందు వేస్తున్నాను. ఒక కంట్లో వేయడం అయింది. రెండో కంటి కింది రెప్పను వేలితో లాగి పట్టుకున్నాను. బల్ల మీద ఫోను మోగింది. ఆపా తమ్ముడి కూతురి పేరు కనిపించింది. కొన్ని నెలలుగా ఆపా ఎట్లా ఉందో నాకు చెప్పేది ఆ అమ్మాయే. ఆ అమ్మాయి ఎప్పుడూ సాయంత్రాలే ఫోను చేసేది. పొద్దున్నే చేసిందంటే సంగతేమిటో ఎత్తకముందే అర్థమైంది.

"ఏమైంది బిడ్డా, చెయ్యి ఆపినవ్?" అన్నాడు పెద్దాయన, పైకప్పు వైపే చూస్తూ.

"ఏం లేదు తాతా. కదలకు."

చుక్క వేసి, కళ్లు మూసుకొని కూర్చోమని చెప్పి వరండాలోకి వెళ్లాను.

"అక్కా, ఫుప్పు పోయింది," అంది ఆ అమ్మాయి. ఫుప్పు అంటే మేనత్త. "తెల్లారంగ నిద్రల్నే పోయింది. పొద్దూకే ముంగట నమాజు అయినంక తీస్కపోతరు. నువ్వు ఒస్తవా?"

వస్తానన్నాను.  భయపడ్డది జరిగిపోతే భయం తీరిపోతుందని అంటారు. నాకు తీరలేదు. పని చేస్తూ ఏదైనా అనుమానం వస్తే ఇక ఎవరికి ఫోను చెయ్యాలి అనే కొత్త భయం ఒకటి ఆ వరండాలోనే మొదలైంది.

ఆమె పేరు చెప్పినా మీలో చాలామంది గుర్తుపట్టరు. ఆమె పనిచేసిన ఆసుపత్రిలోనే ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవారు కాదు. డాక్టర్లకు, ఆయాలకు, గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయనకు, రోగులకు, అందరికీ ఆపాయే. ఉర్దూలో ఆపా అంటే అక్క. అయితే మీరు ఎప్పుడైనా కరీంనగర్‌లో కంటి పరీక్ష చేయించుకొని ఉంటే ఆ గొంతు వినే ఉంటారు. "గడ్డం గీడ పెట్టు. నొసలు ఆనించు. నా మొకం చూడకు, నా చెవి దిక్కు చూడు." ఆ మాటతో ఎంతటి మొండి మనిషైనా నవ్వి, బిగపట్టిన మెడ వదులు చేసేవాడు.

ఆమెది భైంసా. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే, చదువు కొనసాగించి కంటి టెక్నీషియన్ అయింది. డాక్టరు రోగిని చూడకముందు చూపు కొలవడం, కంట్లో పీడనం చూడటం, అద్దాల నంబరు తేల్చడం, ఆపరేషన్‌కు కన్ను సిద్ధం చేయడం, ఇదంతా మా పని. మాలాంటి ఇంటర్ పాసైన పిల్లలకు ఆ పని నేర్పడం ఆమె పని. సన్నగా, పొడుగ్గా ఉండేది. పొద్దున రాగానే బురఖా తీసి కొక్కేనికి తగిలించి, గాజులు తీసి తెల్లకోటు జేబులో వేసుకునేది. రోజంతా ఆమె నడిస్తే జేబులో గాజులు గలగలమనేవి. ఆ చప్పుడు వినబడితే మేం గోళ్లు చూసుకునేవాళ్లం. పెరిగిన గోరు కనిపిస్తే ఆమె ఏమీ అనేది కాదు. గోళ్లు తీసే కత్తెర మన ముందు పెట్టి నిలబడేది, అంతే.

నేను ఆమె దగ్గరికి భయంతోనే వచ్చాను. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె, మెథడిస్టు సంఘం వాళ్లం. బాపు కూలికి పోయేవాడు. నా చిన్నతనంలో వడ్లు తూర్పార పడుతుంటే ఆయన కంట్లో పొట్టు పడింది. ఎవరో ఆకు పసరు పిండారు. కన్ను ఎర్రబడి, చీము పట్టి, చివరికి నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. ఆ కంటితో బాపు మళ్లీ చూడలేదు. నాకు ఆ పువ్వంటే భయం. అన్నం తినేటప్పుడు ఆయనకు మంచి కన్ను ఉన్న వైపే కూర్చునేదాన్ని. అలాంటి నాకు మా పాస్టరమ్మ ఈ శిక్షణ గురించి చెప్పింది. రెండేళ్లు నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందని అవ్వ, అంటే మా అమ్మ, సంబరపడింది. బాపు నా పెట్టె మోస్తూ బస్టాండు దాకా వచ్చాడు. కరీంనగర్ బస్సు ఎక్కించి, కిటికీ దగ్గరికి వచ్చి ఒకే మాట అన్నాడు.

"కన్నంటె శాన నాజూకు బిడ్డా. నీ చేతుల ఎవ్వల కన్ను పోవద్దు."

ఆయన దీవించాడో, హెచ్చరించాడో నాకు తెలియలేదు. బస్సు కదిలేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

ఆపరేషన్ గదిలోకి మమ్మల్ని మొదటిసారి తీసుకుపోయిన రోజు నేను ఎంతో సేపు నిలబడలేకపోయాను. ఎవరో ముసలమ్మకు మోతిబిందు, అంటే శుక్లం ఆపరేషన్. మొహమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. గుడ్డకున్న కంతలోంచి ఒక్క కన్ను మాత్రం బయటికి ఉంది. రెప్ప పడకుండా సన్నని తీగ క్లిప్పు పెట్టారు. ఆ కన్ను ఎటూ పోలేక అట్లా తెరుచుకొని ఉంది. డాక్టరు చేతిలో కత్తి మొన ఇంకా దాని దగ్గరికి కూడా రాలేదు. నా చెవుల్లో హోరు మొదలైంది. తర్వాత నాకు తెలిసింది బయటి నడవాలో చల్లటి నేల, నా తల కింద ఆపా తొడ.

ఇంటికి పంపించేస్తారనుకున్నాను. ఏడుస్తూ అదే అన్నాను. "నాకు భయమైతుంది ఆపా. నాతోని గాదు."

ఆమె నా మొహం మీద నీళ్లు తుడుస్తూ, "కన్ను జూసి కండ్లు తిరిగినయా? మంచిదే," అంది. "ఇటు విను. భయం లేని పోరగాండ్లు కూడ ఒస్తరు నా దగ్గరికి. వాళ్లను చూస్తె నాకు పరేషానైతది. భయం పోతె చెయ్యి బరువైతది బిడ్డా. భయమున్న చెయ్యే అల్కగ పడ్తది. నీ భయం నీ దగ్గర్నే ఉంచుకో, కని దాన్ని గుండెల పెట్టుకో. వేళ్లల్లకు రానియ్యకు."

భయాన్ని గుండెల్లోంచి వేళ్లలోకి రాకుండా ఆపడం ఎట్లా? అదే రెండేళ్ల పాటు ఆమె నాకు నేర్పింది. పెద్ద పెద్ద మాటలతో కాదు. రోగిని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకొని వెచ్చ చేసుకోమనేది. ఏం చెయ్యబోతున్నామో ముందు నోటితో చెప్పమనేది. "ఇప్పుడు నీ రెప్ప ముట్టుకుంటున్న. ఇప్పుడు మందు పడ్తది, జర సల్లగ ఉంటది." కళ్లు మూసుకున్న మనిషికి మన గొంతే చూపు అనేది. మందు సీసాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కదా, వాటి మీద ఉన్నది పైకి చదవనిదే మూత తియ్యనిచ్చేది కాదు. "సీసను నమ్మకు. నీ యాదిని అసలే నమ్మకు. చదువు, మళ్ల చదువు." ఇప్పటికీ నేను సీసా మీది పేరు పైకి చదువుతాను. రోగులు నవ్వుతారు. చదువు కొత్తగా నేర్చుకుంటున్నానని అనుకుంటారేమో.

అన్నిటికంటే నన్ను వణికించింది కంటి పీడనం కొలిచే పరికరం. దాని చివర గుండ్రటి చిన్న గాజు ముక్క ఉంటుంది. తిమ్మిరి మందు వేసి, పసుపుపచ్చ రంగు చుక్క పెట్టి, నీలం వెలుతురులో ఆ గాజును సరిగ్గా నల్లగుడ్డుకు తాకించాలి. తాకించాలి, నొక్కకూడదు. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకుతో వెనక్కి జరిగేదాన్ని. ఒక మధ్యాహ్నం రోగులు తగ్గాక ఆపా నన్ను పిలిచింది. తన కళ్లలో తానే తిమ్మిరి మందు, రంగు చుక్క వేసుకొని, పరికరం ముందు కూర్చొని, గడ్డం ఆనించింది.

"నా కంటి మీద నేర్చుకో," అంది.

"ఒద్దు ఆపా. ఏమన్న అయితె?"

"అయితె నాదే గద అయ్యేది. ఎవ్వలదో కన్ను కన్న నాది నయం. కూసో."

స్టూలు లాక్కొని ఎదురుగా కూర్చున్నాను. సూక్ష్మదర్శినిలోంచి చూస్తే ఆమె కన్ను గది అంత కనిపించింది. గోధుమరంగు కంటి వలయంలో ఒక చోట చిన్న నల్లటి మచ్చ. అంత దగ్గరగా నేను ఏ మనిషినీ చూడలేదు, మా అవ్వను కూడా. గాజును మెల్లగా ముందుకు జరిపాను. తాకిన క్షణంలో ఆకుపచ్చటి అర్ధచంద్రాలు రెండు వెలిగాయి. అవి కదులుతున్నాయి. కొట్టుకుంటున్నాయి. నా చెయ్యి వణుకుతోందని వెనక్కి తీయబోయాను.

"తియ్యకు," అంది ఆపా, పెదవులు కదిలీ కదలకుండా. "ఏం కనవడ్తుంది?"

"వణుకుతున్నయ్ ఆపా. నా చెయ్యి ఆగుతలేదు."

"అది నీ చెయ్యి గాదు బిడ్డా. అది నా గుండె. గుండె కొట్టుకుంటె కంట్ల తెలుస్తది."

నేను ఊపిరి బిగబట్టి చూశాను. నిజమే. అర్ధచంద్రాలు ఒక లయలో కొట్టుకుంటున్నాయి. కానీ ఆ లయ చాలా వేగంగా ఉంది.

"మీ గుండె జోరుగ కొట్టుకుంటుంది గద ఆపా," అన్నాను.

"కొట్టుకోదా? నా కంటి మీద ఉన్నది నీ చెయ్యి!"

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వుకు ఎక్కడ ఆమె కన్ను గీసుకుంటుందోనని నేను గాజును వెనక్కి లాగాను. కాసేపయ్యాక మళ్లీ పెట్టాను. ఆ రోజు నుంచి ఆ పరికరం నాకు పరాయిది కాకుండా పోయింది. భయం పోలేదు. అది ఉండవలసిన చోటికి దిగింది.

రెండో ఏడు మమ్మల్ని ఊళ్లలో పెట్టే కంటి శిబిరాలకు తీసుకుపోయేవారు. జైనూర్ దగ్గర ఒక గోండు గూడెం బడిలో శిబిరం పెట్టాం. పిల్లల వరుస నాకిచ్చారు. ఒక తల్లి నాలుగేళ్ల ఆడపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల హుషారుగా ఉంది, టార్చి లాక్కోవాలని చూస్తోంది. ఎడమ కంట్లో వెలుతురు వేశాను. కంటిపాప నల్లగా ఉంది. కుడి కంట్లో వేశాను. కంటిపాప లోపలి నుంచి తెల్లగా, పిల్లి కన్ను మెరిసినట్టు మెరిసింది.

పాఠంలో చదివాను. బొమ్మలో చూశాను. ఒళ్లో కూర్చొని నవ్వుతున్న పిల్ల కంట్లో చూడటం వేరు. అది కంటి లోపల పెరిగే గడ్డ అయితే కన్నే కాదు, ప్రాణం పోతుంది. టార్చి ఆర్పేశాను. ఆ తల్లి నా మొహాన్నే చూస్తోంది. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. నా మొహం చదవడానికి ఏ భాషా అక్కరలేదు.

నేను లేచి ఆపా దగ్గరికి పోయాను. ఆమె వచ్చి టార్చి వేసి చూసింది. తన మొహం ఏమాత్రం మారలేదు. పిల్ల చేతికి టార్చి ఇచ్చి ఆడుకోనిచ్చింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి మెల్లగా అంది. "ఇప్పుడు నీకెంత భయమైతుందో, గా తల్లికి దానికి నూరంతలైతది. ఆమెది తీరేదాక నీది దాచి పెట్టు."

కరీంనగర్‌లో డాక్టరు చూసి అదేనన్నాడు. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, గడ్డ ఆ కన్నంతా నిండింది కాబట్టి కన్ను తీసెయ్యాలి, అప్పుడే పిల్ల బతుకుతుంది అన్నాడు. తల్లీ తండ్రీ ఆ రాత్రి వార్డులోనే ఉన్నారు. తెల్లవారి చూస్తే మంచం ఖాళీ. పిల్లను తీసుకొని గూడేనికి వెళ్లిపోయారు.

ఆ రెండు రోజులు ఆపా అన్నం సరిగా తినలేదు. మూడో రోజు సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకొని జైనూర్ బస్సు ఎక్కింది. అక్కడి ఆశా కార్యకర్తను కలుపుకొని గూడేనికి నడిచాం. దారిలో నేను ఆపాను అడిగాను, వాళ్లు మనల్ని తిడితే ఎట్లా అని. "తిట్టనియ్," అంది. "తిడ్తె నయమే. మాట్లాడకపోతెనే పరేషాన్."

తండ్రి వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు. అతను గోండిలో అన్నది ఆశా కార్యకర్త మాకు తెలుగులో చెప్పింది. "ఆడపిల్ల అంటుండు. కన్ను తీస్తె రేపు ఎట్ల బతుకుతది అంటుండు. ఉన్నన్ని దినాలు రెండు కండ్లతోనే ఉండని అంటుండు."

 పిల్ల వాకిట్లో కోడిపిల్ల వెంట పరుగెత్తుతోంది.

ఆపా అతనికి ధైర్యం చెబుతుందని ఎదురుచూశాను. ఆమె నేల మీద కూర్చుంది. "నీకు భయమైతుందని నాకు తెలుసు అన్నా," అంది. "నాకు గూడ భయమే. నీకేమో కన్ను తీస్తె ఎట్లనని. నాకు తియ్యకుంటె ఎట్లనని. నేను రెండు దినాలైంది పండుకోలే."

ఆశా కార్యకర్త ఆ మాటలు గోండిలో అతనికి చెప్పింది. గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ అప్పటిదాకా వింటోంది. ఆమె ఒక ప్రశ్న అడిగింది. ఆశా కార్యకర్త చెప్పింది. "నిద్రమందు ఇస్తరట గద, పిల్ల మళ్ల లేవకుంటె అని అడుగుతుంది."

నేనైతే తప్పకుండా లేస్తుందని చెప్పేసేదాన్ని. ఆపా అలా చెప్పలేదు. "లేస్తదని నా దేవుని మీద భరోసా ఉన్నది. గ్యారంటీ ఇయ్యనీకె నేను దేవున్ని గాదు అవ్వా. కని నిద్రపోయేటప్పుడు పక్కన్నే ఉంట, లేచేటప్పుడు పక్కన్నే ఉంట. గంత మాట ఇయ్యగల్గుత."

ముసలమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. లేచి లోపలికి వెళ్లి, పిల్ల గౌను, ఒక దుప్పటి మూట కట్టుకొని బయటికి వచ్చింది. కొడుకుతో రెండు ముక్కలు అంది. ఆ మాటలేమిటో ఆశా కార్యకర్త మాకు చెప్పలేదు. అతను తలవంచుకొని చెప్పులు వేసుకున్నాడు.

హైదరాబాద్‌లో ఆపా తన మాట నిలబెట్టుకుంది. అక్కడి వాళ్లను బతిమాలి, పిల్ల నిద్రలోకి జారేదాకా లోపల ఉండి చెయ్యి పట్టుకుంది. తర్వాత బయట బెంచీ మీద మాతో కూర్చుంది. చేతిలో తస్బీ, వాళ్ల జపమాల, తిరుగుతోంది. అప్పుడు చూశాను, ఆమె వేళ్లు వణుకుతున్నాయి. అంతమంది కళ్లను ముట్టుకున్న ఆ వేళ్లు వణకడం నేను చూడటం అదే మొదలు. నేను చూస్తున్నానని గమనించి ఆమె చెయ్యి కొంగు చాటుకు తీసుకుంది. నేను నా దేవుణ్ణి తలుచుకున్నాను, ముసలమ్మ తన దేవుళ్లను తలుచుకుంది.

పిల్ల లేచింది. కట్టుతో ఏడుస్తూ, పక్కనే ఉన్న ఆపాను నీళ్లు అడిగింది.

బతికింది కూడా. తర్వాత ఆమెకు కృత్రిమ కన్ను అమర్చారు. పరీక్షకు కరీంనగర్ వచ్చినప్పుడు దాన్ని కడిగి పెట్టే పని ఆపా నాకు చెప్పింది. నేను చేతులు రుద్దుకొని, "ఇప్పుడు నీ రెప్ప ముట్టుకుంటున్న" అంటూ ఉండగానే ఆ పిల్ల తానే చటుక్కున కన్ను తీసి నా అరచేతిలో పెట్టి పకపకా నవ్వింది. నేను అదిరిపడ్డాను. వెనక నుంచి ఆపా నవ్వు, జేబులో గాజుల చప్పుడు.

శిక్షణ అయ్యాక నాకు హుజూరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదట్లో రోజూ ఆపాకు ఫోను చేసేదాన్ని. కన్ను ఎర్రగా ఉంది, పంపనా, ఆగనా అని. ఆమె విసుక్కోలేదు. "అనుమానం ఉంటె పంపు. మన్నాడు చూద్దమనుకుంటె కన్ను ఆగదు," అనేది. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిందో ఆ మాట. ఆలస్యం చెయ్యకుండ్రి. ఆలస్యం చెయ్యకుండ్రి.

ఒకరోజు ఆమే ఫోను చేసింది. "జర కరీంనగర్ వస్తవా? ఎవ్వలకు చెప్పకు."

సాయంత్రం రోగులు వెళ్లిపోయాక, అద్దాల నంబరు చూసే గదిలో తలుపు వేసి చెప్పింది. రొమ్ములో గడ్డ. నా చెయ్యి తీసుకొని అక్కడ పెట్టుకుంది. గట్టిగా, రాయిలా తగిలింది.

"ఎప్పటి సంది ఆపా?"

"పోయిన రంజాన్ సంది."

అప్పటికి మళ్లీ రంజాన్ రాబోతోంది. దాదాపు ఏడాది. ఆసుపత్రిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా డాక్టర్ల మధ్య తిరిగే మనిషి. గూడెం దాకా నడిచిపోయి పిల్లను తెచ్చిన మనిషి.

"ఎందుకు చెప్పలే?" అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

ఆమె నేల చూపులు చూసింది. "భయం బిడ్డా. కత్తి అంటె భయం. ఏమని చెప్తరోనని భయం. పొద్దున లేస్తె గడ్డ కరిగిపోయి ఉంటదని ఎన్నిసార్లు ముట్టుకొని చూసుకున్ననో." తెల్లకోటు గుండీ పెట్టుకుంటూ, "గా గోండు పిల్ల తండ్రిని తలుచుకుంట నేను. నేను ఆయన లెక్కనే అయిన గద," అంది.

ఆ గదిలో చూపు పరీక్షించే అక్షరాల పెట్టె వెలుగుతూనే ఉంది. ఆమెను తిట్టాలనిపించింది, పట్టుకొని ఏడవాలనిపించింది. చివరికి, "పోదాం ఆపా. నేనుంట పక్కన," అన్నాను. నా గుండె ఎంత జోరుగా కొట్టుకుందో నాకే తెలుసు.

ఆపరేషన్ అయింది. మందులు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. ఒకసారి మందు ఎక్కుతుండగా, కళ్లు మూసుకొనే అంది. "నీకు నేను సగమే నేర్పిన. భయమున్న చెయ్యి మంచిది అన్న. కని భయంతోని తలుపేస్కొని కూసుంటె అది మనల్ని తింటది. దాన్ని ఎంటబెట్టుకోని బయటికి రావాలె. గీ సగం నాకే రాలే, నీకెట్ల నేర్పుత?"

కాస్త కోలుకోగానే ఆమె మళ్లీ ఆసుపత్రికి వచ్చింది. కొత్తగా చేరిన ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి, తలకు కట్టిన గుడ్డ సర్దుకొని, తాను ఆలస్యం చేశానని దాపరికం లేకుండా చెప్పింది. ఆ తర్వాత కంటి పరీక్షకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ, అద్దాల నంబరు చూడటం అయ్యాక, చెవి దగ్గర ఒక మాట అడిగేది. "ఒంట్ల యాడనన్న గడ్డ ఉన్నదా? భయమైతె కానియ్. భయపడుకుంటనన్న పొయ్యి చూపించుకో." కొందరు కోపగించుకున్నారు. కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒకామె వెంటనే లేచి వెళ్లింది. ఆమెకు సమయం మించిపోలేదని తర్వాత తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పడానికే ఆపా ఫోను చేసింది. "ఆలస్యం చెయ్యలే బిడ్డా," అని రెండుసార్లు అంది.

రోగం ఎముకల్లోకి పాకాక ఆమె భైంసాలో తమ్ముడి ఇంటికి చేరింది. పోయిన నెల చూడటానికి వెళ్లాను. మంచంలో పిడికెడు మనిషి. నా గోళ్లు చూసింది. బాగున్నాయన్నట్టు తల ఊపింది. బయలుదేరేటప్పుడు, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఇప్పుడు గూడ భయమైతుందా ఆపా?"

"ఐతుంది," అంది. "మస్తు ఐతుంది. కని ఇప్పుడు దాస్త లేను. గందుకే జర అల్కగున్నది."

ఈ మాటలు రాస్తుంటే నాకు ఒకటి తోస్తోంది. ధైర్యం ఉన్న మనుషుల గురించి స్మృతులు రాస్తారు. మా ఆపా భయస్థురాలు. తన భయాన్ని తెలిసిన మనిషి కాబట్టే ఎదుటివాళ్ల భయాన్ని ఎన్నడూ చులకన చెయ్యలేదు. నా చేతికి పని నేర్పింది ఆ భయమే. ఆమెను మా నుంచి తొందరగా తీసుకుపోయిందీ అదే. ఈ రెండింటినీ ఒక్కచోట పెట్టుకోవడం నాకు ఇంకా చేతకావడం లేదు. ప్రయత్నిస్తున్నాను.

ఆ రోజు జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సులు మారుతూ భైంసా చేరేసరికి, ఆమెను ఇంకా తీసుకుపోలేదు. అందుకోలేనేమోనని దారంతా భయపడుతూనే ఉన్నాను. ఆడవాళ్లు స్నానం చేయించి తెల్లగుడ్డలో చుట్టారు. నేను వాళ్ల మతం దాన్ని కాదు. గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆపా తమ్ముడి భార్య వచ్చి నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, మొహం మీది గుడ్డ తొలగించి చూపించింది. "నీ గురించే చెప్తుండె," అంది. 

మగవాళ్లు పాడె ఎత్తారు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే నిలబడ్డాం. అది పత్తి కాలం. గల్లీ చివర పెద్దరోడ్డు మీద, జిన్నింగు మిల్లు దాకా పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఆగి ఉన్నాయి. పాడె అక్కడికి చేరేసరికి ట్రాక్టర్ల మీద కూర్చున్న రైతులు ఒక్కొక్కరే కిందికి దిగారు. ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. ఒకతను తలపాగా తీసి చంకన పెట్టుకొని, ముందుకు వచ్చి నాలుగడుగులు భుజం ఇచ్చి, ఇంకొకరికి వదిలి తన బండి దగ్గరికి తిరిగిపోయాడు. ఆ వెనక ఇంకొకతను. గాలికి లేచిన దూది పింజలు వాళ్ల తలల మీద, భుజాల మీద, పాడె మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ మీద వాలుతున్నాయి. ఎవరూ దులపలేదు. పాడె మలుపు తిరిగేదాకా, దాని మీద ఒకటొకటిగా తెల్లటి పింజలు వాలుతూనే ఉన్నాయి.